రెండు తెరల మధ్య రాజమల్లు కాక

ఈ ఉదయం మా గదిలోంచి పాత కంప్యూటరును తీసుకెళ్లిపోయారు. అది ఉన్నచోట టేబులు మీద బొగ్గు దుమ్ము అంచు కట్టిన ఖాళీ మిగిలింది, దాని పక్కన వైర్లు ఊడిన చిన్న స్విచ్ డబ్బా. ఊరికే నొక్కి చూశాను. టక్‌మంది. దీపం వెలగలేదు గానీ, ఆ చప్పుడుకు రాజమల్లు కాక వచ్చి పక్కన కూర్చున్నట్టే అయింది.

భూపాలపల్లిలో మా బొగ్గుబాయి హాజరు గదికి ఒకప్పుడు ఆయనే పెద్ద. మా బాపుతో కలిసి ఏళ్లకేళ్లు కింద పనిచేసి, భుజానికి దెబ్బ తగిలాక పైకి, ఈ కుర్చీలోకి వచ్చాడు. గదిలో రెండు కంప్యూటర్లు ఉండేవి. పాతదానిది నల్ల తెర, పచ్చటి అక్షరాలు. మౌసు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పాతవాళ్ల పేర్లన్నీ అందులో. కొత్తది రంగురంగులది, మౌసు లేనిదే కదలదు. కొత్తగా చేరినవాళ్లు అందులో. ఎడమ చెయ్యి సరిగ్గా లేవని మనిషి అటూ ఇటూ తిరిగి రెండింటి మీదా కొట్టలేక, హనుమకొండ నుంచి ఆ డబ్బా తెచ్చి ఒకే కీబోర్డు, ఒకే మౌసు రెండింటికీ తగిలించాడు. డబ్బా మీట నొక్కితే చేతులు ఉన్నచోటే ఉంటాయి, పని మాత్రం పక్క తెరకు పోతుంది.

ఆ సుఖంలోనే చిక్కూ ఉంది. ఏ తెర మీద ఉన్నామో మరిచిపోతే రాత ఇంకోచోట పడుతుంది. ఒకసారి కాక కొత్తదాంట్లో ఉన్నాననుకుని పాతదాంట్లో కొట్టేస్తే, నిక్షేపంగా ఉన్న మనిషి పేరు ఎగిరిపోయిందట. మర్నాడు ఆయన కిటికీ ముందు నిలబడి, "నేను బతికే ఉన్న కాకా, జర మల్ల ఎక్కియ్యి" అన్నాడట. అప్పటినుంచి, తెర మీది పేరు పైకి చదవకుండా కాక ఏ పేరూ తీసింది లేదు.

నేను ఆ గదిలోకి వెళ్లింది బాపు పోయాక. గుండెపోటు వచ్చి సర్వీసులో ఉండగానే పోయాడు, ఆయన ఉద్యోగం నాకిచ్చారు. "తండ్రి పోయిండు, బిడ్డ బాగుపడ్డది" అని మా క్వార్టర్ల దగ్గర ఒకావిడ నాకు వినబడేలా అంది. ఆ మాట నన్ను అన్నం తిననివ్వలేదు. చేరాలా, తిరిగి ఇంటికి పోవాలా అని తేల్చుకోలేకనే మొదటిరోజు ఆ గడప తొక్కాను.

పాత తెర మీద బాపు పేరు ఇంకా ఉంది. అది తీసేసి, కొత్త తెరలో నా పేరు ఎక్కించాలి. కీబోర్డు చూస్తే ఒక్కటే. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

"బాపు పేరు తీసిన బోర్డుతోనే నా పేరు రాయాల్నా కాకా? నాకీ నౌకరి వద్దు" అన్నాను.

"ఆయన పేరు నువ్వెందుకు తీస్తవ్ బిడ్డా? గది నా పని. ఆయనెంబడి బాయిల దిగినోన్ని నేను."

కీబోర్డు తనవైపు లాక్కుని, "చింతల ఓదెలు" అని గట్టిగా చదివాడు. "ఇగ పైకి రా తమ్మీ, షిఫ్టు అయిపోయింది" అని నొక్కాడు.

నేను భోరున ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గేదాకా కిటికీ దగ్గరికి వచ్చినవాళ్లను, తర్వాత రమ్మని పంపేశాడు.

"బోర్డు ఒక్కటైతే ఏంది బిడ్డా? గదాంట్ల కొట్టింది గిదాంట్లకు రాదు. నీ కోసమని ఆయన పేరు తియ్యలే. ఆయన పోయిండు, గందుకు తీసినం. నువ్వు బతుకాలె, గందుకు రాస్తున్నం. రెండు కలిపి సూడకు."

టక్‌మని మీట నొక్కి, కీబోర్డు నా ముందుకు జరిపాడు. "ఇగ నీ పేరు రాయి."

రాశాను. నన్నూ ఆ గదిలోనే కాక చేతి కింద పనికి వేశారు. ఆ ఉద్యోగంలోనే తమ్ముణ్ణి చదివించాను, అమ్మను దవాఖానకు తిప్పాను. ఎవరేమన్నా అన్నం మానుకోలేదు. కాక ఆ రోజు ఆ నాలుగు మాటలూ అనకపోతే నేనేమైపోయేదాన్నో అనిపిస్తుంది.

పదవీ విరమణ రోజున కాక మెడలో దండతోనే గదికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నా పేరు నేనున్నప్పుడే తియ్యి" అన్నాడు. పాత తెర తెచ్చి ఆయన పేరు చదివాను. "ఇగ పైకి రా కాకా, షిఫ్టు అయిపోయింది" అన్నాను ఎలాగో. ఆయన కుర్చీ పట్టుకుని లేచి, "ఆఁ, వచ్చిన బిడ్డా" అన్నాడు. తర్వాత మరిపెడ దగ్గరి తన ఊరికి పోయాడు. పోయినేడు అక్కడే కన్నుమూశాడు.

ఈ మధ్యాహ్నం ఒకమ్మాయి, పోయిన తండ్రి ఉద్యోగంలో చేరడానికి వచ్చింది. ఇప్పుడు పాతవాళ్లూ కొత్తవాళ్లూ అందరూ ఒకే తెరలో ఉన్నారు. ఆమె చూపు తండ్రి పేరు మీదే ఆగిపోయింది. కీబోర్డు నావైపు లాక్కుని, ఆ పేరు పైకి చదివి, చెప్పాల్సిన మాట చెప్పి నొక్కాను. ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఆగి, వైర్లు లేని డబ్బా మీద వేలు పెట్టాను. టక్.

"గదేందక్కా?" అంది.

"మా కాకది" అని కీబోర్డు ఆమె ముందుకు జరిపాను. "ఇగ నీ పేరు రాయి చెల్లే."