తాగనివాడికి ఎక్కిన మత్తు

కివీల దేశంలోని ఆల్బనీలో చదువుకునే ఆ తొలి ఏడాది, ఒంటరితనాన్ని కూడా నేను ఒక ఇంజనీరింగ్ సమస్యగానే చూసేవాణ్ణి. లోపం ఎక్కడుందో కనిపెడితే సరిచేయవచ్చని నా నమ్మకం. డిసెంబరు వచ్చేసరికి వేసవి సెలవులకు క్యాంపస్ ఖాళీ అయిపోయింది. బస్సులో డ్రైవరూ నేనూ మిగిలేవాళ్లం. దిగేటప్పుడు ఆయనకు థాంక్యూ చెబితే (ఇక్కడ అందరూ చెబుతారు) ఆ రోజుకు నా సంభాషణ పూర్తయినట్లే. మా ఫ్లాట్‌లో నాతోపాటు మరో ఇద్దరుండేవారు. ఒకాయన గుంటూరు వాడు, ఎవరికీ బావ కాకపోయినా అందరికీ బావ. రెండో ఆయన వరంగల్ అన్న. ఇద్దరూ ఉద్యోగస్తులు, సెలవు దొరికితే స్నేహితులతో బయటికి వెళ్లేవారు. నన్ను పిలవకపోవడంలో వారికి ద్వేషమేమీ లేదు. గుర్తుకు రాకపోవడం, అంతే.

అందుకే క్రిస్మస్ ముందురోజు వరంగల్ అన్న నా గది తలుపు కొట్టినప్పుడు ఏదో బిల్లు గురించి అనుకున్నాను.

“తమ్ముడూ, నువ్వు తాగవు గద?”

“తాగను అన్నా.”

“లైసెన్సున్నది గద?”

“ఉంది.”

“ఇంకేంది మరి. రేపు నా కార్ల బీచ్‌కు పోతున్నం. నువ్వు లేకుంటే ఎట్ల?”

ఆ చివరి వాక్యాన్ని నేను పలుమార్లు మననం చేసుకున్నాను (దానికి ముందున్న రెండు ప్రశ్నలను సౌకర్యంగా పక్కన పెట్టాను). వెంటనే వెళ్లి టైర్లలో గాలి కొలిచాను, ఆయిల్ చూశాను, అద్దాలు మూడూ తుడిచాను. ఒక మనిషి అవసరం ఇంత స్పష్టంగా నిర్వచించబడటం ఈ దేశంలో నాకదే మొదటిసారి.

మర్నాడు ఉదయం ఉత్తరానికి పోయే రోడ్డు మీద పోలీసులు ప్రతి కారునూ ఆపుతున్నారు. ఒక అధికారి తాగామో లేదో చెప్పే చిన్న పరికరాన్ని నా నోటి దగ్గర పెట్టి పేరు, చిరునామా చెప్పమన్నాడు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఫ్లాట్ నంబరు, వీధి, పోస్ట్‌కోడ్ చెప్పి, నగరం పేరు కూడా జతచేశాను. ఆయన నవ్వు ఆపుకొని పొమ్మన్నాడు. వెనక సీట్లోంచి బావ, “ఒరేయ్, వాడు అడిగింది గాలిరా, నీ బయోడేటా కాదు” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నన్ను చూసి నవ్వినా, నేనున్న కారులో నవ్వారు కదా అని నాకు తృప్తిగానే ఉండింది.

సముద్రం పక్క క్యాంపు గ్రౌండులో పొహుతుకావా చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. బావ చికెన్ కాల్చడం మొదలుపెట్టాడు, వారిద్దరూ బీర్లు తెరిచారు, నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఈ దేశపు వేసవిలో గడ్డి పుప్పొడికి నా ముక్కు అలాగే స్పందిస్తుంది. అమ్మ ఇండియా నుంచి కట్టిచ్చిన మందుల డబ్బా నా సంచిలో ఉంది. డబ్బాలో పట్టడానికి ఆవిడ ప్రతి అట్టనూ కత్తెరతో ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకూ “తుమ్ములకు”, “కడుపుకు” అని చీటీ చుట్టింది. మందు పేరు, దాంతోపాటు ఉండే హెచ్చరిక, కత్తిరించిన రెండో ముక్కతో మా ఊళ్లోనే ఉండిపోయాయి. ఒక మాత్ర వేసుకున్నాను. తుమ్ము ఆగలేదు. ఒకటి విఫలమైతే రెండోది ఆదుకుంటుందన్న మా శాఖ సూత్రాన్ని అనుసరించి మరొకటి వేసుకున్నాను.

తుమ్ములు ఆగాయి. కాసేపటికి తక్కినవన్నీ కూడా ఆగిపోతున్నట్లనిపించింది. ఎదురుగా ఉన్న మా కారు నంబరు ప్లేటు చదవబోతే, చివరి అంకెకు చేరేసరికి మొదటి అక్షరం మరచిపోతున్నాను.

“ఎండ దిగింది, పోదాం పదరా” అన్నాడు బావ.

తాళంచెవి నా జేబులో ఉంది. దారిలో పోలీసులు మళ్లీ ఆపినా పరికరం సున్నానే చూపిస్తుంది. అది కొలిచేది మద్యాన్ని, నా నిద్రను కాదు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. నేను ఈ గుంపులో ఉన్నది డ్రైవర్ సీట్లో కూర్చోవడానికే. నడపలేనంటే వచ్చే సెలవులకు నా తలుపు ఎవరూ కొట్టరు. తాళంచెవిని కాసేపు చేతిలో తిప్పి, వరంగల్ అన్న ముందు పెట్టాను.

“నేను నడపలేను అన్నా. మాత్ర వేసుకున్నాను. మత్తుగా ఉంది.”

“ఏందిరా తమ్ముడూ, తాగినోళ్లం మేము మంచిగున్నం, తాగనోనికి ఎక్కిందా?”

“రెండేసుకున్నాను.”

“రెండు మాత్రలకే అవుటయ్యాడు, వీడికి బీరెందుకురా, మెడికల్ షాపు చాలు” అన్నాడు బావ. ఆ తరువాత నా ముఖం చూసి కాబోలు, గొంతు తగ్గించాడు. “సర్లే, మేమూ నడపం, నువ్వూ నడపొద్దు. రేపు పోదాం. పడుకో.”

క్యాంపు చూసుకునే పెద్దావిడ ఆ రాత్రికి కంచె పక్కన కారు పెట్టుకోనిచ్చింది. చెట్టు కింద చాప మీద నేను పడుకోవడం, ఎవరో నామీద తువ్వాలు కప్పడం జ్ఞాపకం. కళ్లు తెరిచేసరికి తెల్లవారింది. జుట్టు నిండా ఎర్రటి పూల కేసరాలు. పక్కనే రేకు కాగితంలో చుట్టి నా కోసం ఉంచిన చికెన్.

ఆ సాయంత్రం అద్భుతంగా గడిచిందట. పక్క గుడారంలోని కివీ ముసలాయన గిటార్ తెచ్చాడట, బావ పాడాడట, వరంగల్ అన్న తను పెళ్లి చేసుకోవాలనుకున్న అమ్మాయి గురించి మొదటిసారి చెప్పి ఏడ్చాడట. నేను నెలల తరబడి ఎదురుచూసిన సాంగత్యం నాకు రెండడుగుల దూరంలో జరిగింది. నేను గురక పెట్టాను. నిద్ర పూర్తిగా తీరిన నేనే పొద్దున్న కారు నడిపాను. వాళ్లిద్దరూ దారి పొడుగునా నిద్రపోయారు.

నా లెక్క మాత్రం తప్పింది. వచ్చే సెలవులకూ నా తలుపు కొట్టారు, ఈసారి లైసెన్సు సంగతి అడగకుండా.

ఇప్పుడు బావ రోటోటూనాలో ఉన్నాడు, అన్న ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. నేను హాబ్సన్‌విల్‌లో, నా అలవాట్లతో, ఒక్కణ్ణే ఉంటున్నాను. ఎవరు ఏ చిన్న వివరం తప్పు చెప్పినా సరిదిద్దే గుణం నాకింకా పోలేదు. ఆఫీసులో దానివల్ల నాకు గౌరవం ఉంది, స్నేహితులు తక్కువ. ఏటా క్రిస్మస్ పొద్దున అన్న ఫోన్ చేస్తాడు.

“ఆ బీచ్ సాయంత్రం యాదికున్నదా తమ్ముడూ? బావ పాటకు నువ్వెంత నవ్వినవో.”

ఆయన జ్ఞాపకంలో నేను మేలుకునే ఉన్నాను. వారి మధ్యనే కూర్చుని, నవ్వుతూ ఉన్నాను.

“యాదికుంది అన్నా” అంటాను. ఆ ఒక్క వివరాన్ని మాత్రం ఇంతవరకు సరిదిద్దలేదు.