వాగు నడుమకు వెళ్ళని రోజు

నిన్న సాయంత్రం మా ఊరి వాగు మీది బ్రిడ్జి తూముల్లోంచి వచ్చే హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. తూములు నిండిపోయాయి. ఇక నీళ్ళు పైనుంచే రావాలి. బడి నుంచి వస్తున్న నా పిల్లలిద్దరూ బ్రిడ్జి నడుమ ఉన్నారు. పరుగెత్తి, ఇద్దరినీ గట్టుకు ఈడ్చుకొచ్చాను. వెనక్కి తిరిగేసరికి బ్రిడ్జి కనబడలేదు. ఎర్రటి నీళ్ళు అడవి దుంగలను పుల్లల్లా మోసుకుపోతున్నాయి. ఎందుకో, చేతులు జోడించాను.

ఆ బ్రిడ్జి అంత తక్కువ ఎత్తులో ఉండటానికి కారణం నేను. ఏళ్ళుగా మోస్తున్నాను ఈ మాట.

డిగ్రీ అయి, ములకలపల్లి దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో, బ్రిడ్జి కట్టడానికి వాగు వేగం కొలిచే పని దొరికింది. అంతకుముందు నీళ్ళలో కొబ్బరి చిప్ప వదిలి, అది ఎంత వేగంగా పోతుందో చూసేవారట. ఇంజనీరు సారు కొత్త మీటరు తెచ్చారు. నీటి తోపుకు దాని చిన్న గిన్నెలు తిరుగుతాయి. తిరిగినప్పుడల్లా ఇయర్‌ఫోనులో టక్కుమంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది, దవాఖానాలో కడుపులోని బిడ్డ గుండె చప్పుడు విన్న రోజులాగే. ఇంత పెద్ద వాగు నా చెవిలో పట్టిందా?

గట్టు పక్క నీళ్ళు నెమ్మది, నడుమ ఉరుకు. అందుకే కర్రల వంతెన మీద నడుస్తూ, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా చోటుచోటా మీటరు దింపాలి. పెద్ద వాన వచ్చిన రోజు పసిపాపను వీపుకు కట్టుకొని వెళ్ళాను. వంతెన వణుకుతోంది. గట్టు దగ్గర ఒక్కచోట దింపి, ఆ వేగమే వాగంతటికీ చెప్పాను.

"నడిమిట్ల గూడ చూసినవామ్మా?" అన్నారు సారు.

"అవ్ సార్, చూసిన."

"చంటిదాన్ని ఏసుకొనా? మా ఆఫీసోళ్ళు ఫ్యాను కిందికెల్లి లేవరు. నిన్ను చూసి సిగ్గుపడాలె!"

నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను? ఆ తక్కువ లెక్కతోనే చిన్న తూములు వేసి బ్రిడ్జి కట్టారు. వానాకాలంలో అది మునిగినప్పుడల్లా ఊరంతా కాంట్రాక్టరును తిట్టేది. నేనూ గొంతు కలిపాను. సారును మోసం చేశాను సరే, వాగు మోసపోతుందనుకున్నానా?

ఈ పొద్దున పిల్లలను కూర్చోబెట్టి అంతా చెప్పాను. సారుకూ చెబుతానన్నాను. చెబుతుంటే, భయంగానే ఉన్నా, ఊపిరి కాస్త సాఫీగా ఆడింది. చిన్నోడికి సగమే అర్థమైంది. ఆ రోజు నా వీపున ఉన్న కూతురు దగ్గరికి జరిగింది.

"గప్పుడు నేనేడ్సిన్నా అమ్మా? గందుకే నువ్వు పోలేదా?"

అవునంటే నమ్మేది.

"లేదు బిడ్డా. నువ్వు మంచిగ నిద్రపోయినవ్. భయమైంది నాకే."