తేలిన మొక్కలు

బాబాయ్ మనుషుల మొహాలు గుర్తుపెట్టుకోడు, పళ్లు గుర్తుపెట్టుకుంటాడు. రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేస్తాడు. అవతలి మనిషి నవ్వాడా, "ఓహో, పై వరస నాలుగు! మీవి నేనే చేశాను" అంటాడు. పక్కన కొత్త పెళ్లాం ఉంది కదా, నలుగురూ వింటున్నారు కదా అన్న పట్టింపేమీ లేదు. అలా ఒకాయన పరువు నడిబజార్లో తీసేసి, పైగా "గట్టివి కొరకట్లేదు కదా?" అని అడిగి మరీ వచ్చాడు.

ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చేసింది ఆ ఒక్క పనే, కట్టుడు పళ్లు చెయ్యడం. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు. వాటిలో సుద్ద పోసి దవడలు తీస్తాం. దవడ మీద గులాబీరంగు మైనం పరిచి, అందులో ఒక్కొక్క పన్నూ నిలబెడతాం. ఆ నిలబెట్టడంలోనే ఉంది విద్యంతా. నేను బాబాయ్‌కి బంధువును కాను. పంతొమ్మిదో ఏట సుద్ద కలిపే పనికి చేరాను, బాబాయ్ అని పిలిచాను, ఆయన పలికాడు. తర్వాత తొమ్మిదేళ్లపాటు నా చెయ్యి పట్టుకుని మైనం చెక్కడం నేర్పాడు. నేను విసుక్కున్న రోజున కూడా ఆయన విసుక్కోలేదు.

ఇది ఆయన కథ. ఇందులో నేను చేసిన పని కూడా రాస్తాను. అది వదిలేసి ఆయన్ని పొగుడుతూ కూర్చోవడానికి నాకు మొహం చెల్లదు.

కొట్టు ఆయన తమ్ముడిది. తమ్ముడు పొమ్మనలేక పొగబెట్టే రకం. ఒకరోజు బాబాయ్ చేతిలో టీ గ్లాసు సాసర్‌కి తగిలి టకటకలాడింది. తమ్ముడు చూశాడు. వారం తిరక్కుండా "అన్నయ్యా, కొన్నాళ్లు ముందు గదిలో కూర్చో. వచ్చేవాళ్లని పలకరించడానికి పెద్దమనిషి ఉండాలి" అన్నాడు. కిటికీ పక్కన బాబాయ్ కుర్చీ ఖాళీ అయింది. పళ్లు నిలబెట్టే కుర్చీ కొట్టు మొత్తానికి అదొక్కటే. మిగతావాళ్లం సుద్ద కలపాలి, లేదా మెరుగుపెట్టే యంత్రం ముందు కూర్చుని దుమ్ము మింగాలి. నేను దుమ్ము మింగేదాన్ని.

ముందు గదిలో ఒక చేపల తొట్టి ఉంది. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, లోపల ఒక ప్లాస్టిక్ కోట, ఆరేళ్లుగా బాబాయ్ మేపుతున్న అయిదు చేపలు. ఊరికే కూర్చోలేక ఆయన కోట తీసి పారేశాడు. చేపల కొట్టువాడి దగ్గర్నుంచి అరచేతిలో పట్టేంత పచ్చటి ముద్ద ఒకటి తెచ్చాడు. నీళ్లలో నేలంతా తివాచీలా పాకే మొక్కట అది. ఆకులు నువ్వుగింజంత.

తమ్ముడు ముందు గదిలోకొచ్చి, మా నలుగురూ వినేలా అన్నాడు. "నీ చెయ్యి బానే ఉందంటున్నావుగా అన్నయ్యా. నాటు చూద్దాం. మూడు నెలల్లో ఒక్క మొక్కా పైకి తేలకుండా అడుగంతా పరుచుకుందనుకో, నీ కుర్చీ నీకే. లేదంటే ఇంకొకళ్లకిస్తాను, నువ్వేం అనుకోకూడదు."

ఇంకొకళ్లు ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు.

"ఇన్నేళ్లూ జనానికి పళ్లు పెట్టావు, ఇప్పుడు గడ్డి పెడుతున్నావా బాబాయ్!" అని సుద్ద కలిపేవాడు వెటకారమాడాడు. బాబాయే అందరికన్నా గట్టిగా నవ్వాడు. చేపల్ని బకెట్లోకి మార్చి, తొట్టిలో నీళ్లు తోడేసి, అడుగున మట్టి పరిచాడు. ఆ ముద్దను మూడేసి కాడల చొప్పున విడదీశాడు. మూతి వంగిన పొడుగాటి పట్టకారుతో ఒక్కో కుచ్చునూ ఏటవాలుగా తడిమట్టిలోకి దించి, కొస మాత్రం పైకి కనిపించేలా వదిలాడు. కుచ్చుకూ కుచ్చుకూ మధ్య వేలి మందం సందు. నేను పక్కనే ఉన్నాను. ఖాళీగా ఉన్నప్పుడు వణికే చెయ్యి పట్టకారు పట్టుకోగానే నిలబడిపోయింది. అది నా కళ్లతో చూశాను. నూట అరవై కుచ్చులు, రెండు మధ్యాహ్నాలు. తర్వాత మట్టి కదలకుండా పైన ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద గ్లాసుతో నీళ్లు పోసి, చేపల్ని వదిలాం. నీళ్లు పోసింది నేనే.

మర్నాడు మూడు తేలాయి. అవి వాటంతటవే తేలాయి. "కొత్త కోడళ్లు, మొదటిరోజు అలిగారు" అని బాబాయ్ మళ్లీ గుచ్చాడు. నాలుగోరోజుకి ఒక్కటీ తేలలేదు. ఆయన కూనిరాగం తీస్తూ ఇంటికెళ్లాడు.

కొట్టు తాళాలు నా దగ్గరుంటాయి. పొద్దున ఎనిమిదింటికి నేను తెరుస్తాను, బాబాయ్ తొమ్మిదింటికి వస్తాడు. అయిదోరోజు తలుపు తీసి, మైనానికి నీళ్లు స్టవ్ మీద పెట్టి, చెయ్యి మోచేతిదాకా తొట్టిలో ముంచి అయిదు కుచ్చులు పీకాను. ఇంకా వేళ్లు పట్టలేదు, వెన్నలో వెంట్రుకల్లా వచ్చేశాయి. వాటిని నీళ్ల మీద వదిలేసి చెయ్యి తుడుచుకున్నాను. ఎవరూ చెప్పలేదు నాకు. తమ్ముడు చెప్పాడని రాస్తే హాయిగా ఉండేది.

బాబాయ్‌కి ఒక పద్ధతుంది. పళ్ల సెట్టు గుచ్చుకుంటోందని ఎవరైనా వస్తే, ఒక్కసారికి ఒక్కచోటే అరగదీయాలి, అప్పుడే తప్పు ఎక్కడుందో తేలుతుంది అనేవాడు. తొట్టి దగ్గరా అదే చేశాడు. ముందు చేపల్ని అనుమానించాడు. "ఇవే తవ్విపోస్తున్నాయమ్మాయ్" అని అయిదింటినీ సంచిలో నీళ్లు పోసి చేపల కొట్టువాడికి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం ఖాళీ తొట్టి ముందు మేత డబ్బా చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మర్నాడు ఎనిమిది కుచ్చులు తేలాయి. నీళ్లు తిప్పే మోటారు జోరెక్కువేమోనని దాని మూతికి గుడ్డ కట్టాడు. ఆరు తేలాయి. మట్టి పల్చగా ఉందేమోనని ఇంకో అంగుళం పోసి, అన్నీ మళ్లీ నాటాడు. తొమ్మిది తేలాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బాబాయ్ అసలు పట్టాలనే చూడలేదు. చేపలు, మోటారు, మట్టి అన్నీ అయ్యాక ఆయన లెక్కలో మిగిలింది ఒక్కటే, తన చెయ్యి. తాళాలున్న మనిషి ఆ లెక్కలోకే రాలేదు.

రెండో నెల గడిచేసరికి, నేను రోజూ పీకుతున్నా, మిగిలినవి పాకాయి. మంచి చేత్తో నాటినవి మరి. ఒక పొద్దున లాగితే అరచెయ్యంత పచ్చటి పొర మట్టితో సహా లేచి వచ్చింది. నీళ్లన్నీ బురదయ్యాయి. నా పని అయిపోయిందనుకున్నాను. అంతగా వేళ్లు పట్టింది తనంతట తాను లేవదని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. బాబాయ్ వచ్చాడు. ఆ పొరను తిరగేసి తెల్లటి వేళ్లను చాలాసేపు చూశాడు. పిల్లి దూరిందని చెప్పడానికి నేను నోరు తెరిచాను.

"చూశావా, ఇంత వేళ్లేసి కూడా నిలవలేదు. మొదట్లోనే పైపైన గుచ్చి ఉంటాను. చెయ్యి మోసం చేస్తోందమ్మాయ్, నాకు తెలియకుండా" అన్నాడు.

పిల్లి అక్కర్లేకపోయింది.

ఆ రోజు నుంచి పనిలో కూడా చెయ్యి నిజంగానే వణికింది. ఎందుకో డాక్టర్లకే తెలియాలి, నాకు తెలిసింది మాత్రం నేను రాశాను. పట్టకారు వెళ్లి గాజుకి తగిలి టిక్కుటిక్కుమనేది. వెనక గది దాకా వినిపించేది. మొదట్లో నవ్వినవాళ్లు కూడా తర్వాత నవ్వడం మానేశారు.

గడువు ఇంకా పదకొండు రోజులుండగానే ఆయన తమ్ముణ్ని పిలిచాడు.

"ఒరే, నువ్వన్నదే నిజం. ఈ చేత్తో జనం నోళ్లలో పెట్టేవి చెయ్యకూడదు." తర్వాత నావైపు తిరిగాడు. "అమ్మాయ్, తేలినవి ఈసారి నువ్వు నాటు. ఒక్కసారి చూడాలనుంది."

నలభై కుచ్చులు గంటలో నాటాను. ఆయన నేర్పినట్టే, ఏటవాలుగా, కొస మాత్రం పైకి. మర్నాడు ఎనిమిదింటికి వచ్చి నీళ్లలో చెయ్యి పెట్టలేదు, అంతే. తొమ్మిదింటికి బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి తొట్టి మీదికి వంగి చూశాడు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తేలలేదు. ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు కూడా సరిగ్గా కలవలేదు. "నేను చెప్పలా! నేను చెప్పలా! నా కుర్చీ దీనికిచ్చెయ్‌రా" అని తమ్ముడి భుజం పట్టుకుని ఊపేశాడు.

చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది. సంతోషమే ఎక్కువ.

కుర్చీలో కూర్చుని రెండేళ్లయింది. కిటికీ వెలుగు బాగుంటుంది, దుమ్ము లేదు. తొట్టి అడుగంతా ఒత్తుగా పచ్చగా పరుచుకుంది. బాబాయ్ ఎక్కడ కత్తిరించాలో చెబుతాడు, నేను కత్తిరిస్తాను. చేపల్ని మళ్లీ తెచ్చుకోమంటే వద్దన్నాడు.

పోయిన వారం ఒక పంతులమ్మ పళ్లకోసం వచ్చి ముందు గదిలో కూర్చుంది. నేను వెనక గదిలో పని మీద ఉన్నాను. మధ్యలో ఉన్నది తెర ఒక్కటే.

"ఎంత బాగుందండీ ఈ పచ్చిక! మీరే వేశారా?"

"అబ్బే, మా అమ్మాయి వేసింది. ఒక్క మొక్క తేలలేదు చూడండి."

"ఆ చేతిపని మీరే నేర్పారా?"

"నేర్పితే వచ్చేది కాదండీ. నాకే లేనిది నేనేం నేర్పుతాను! పుట్టుకతో వచ్చిందంతే" అన్నాడు బాబాయ్.

తెర పక్కకి లాగితే చాలు, చెప్పడానికి. నేను చేతిలో ఉన్న పన్ను మైనంలో నిలబెట్టి, తర్వాతది తీసుకున్నాను.