సిస్టర్ వచ్చేదాకా

టౌరంగా ఊరికి వెళ్లే దారిలో ఒక పాత క్రైస్తవ మఠం దగ్గర మేం ఆగింది దేవుడి కోసం కాదు, బాత్రూమ్ కోసం. ఫ్రెండ్ అనిల్ కారులోనే ఉండిపోయాడు. నేను పనిలో పనిగా, బూట్లు గుమ్మం దగ్గర విప్పి, చర్చిలోకి అడుగుపెట్టాను. కొవ్వొత్తుల ముందు ఒక ముసలి సిస్టర్ ఒక్కరే మోకాళ్ల మీద ఉన్నారు.

ఆమె కిటికీలోంచి బయటకు చూసి, గబుక్కున లేచి నా దగ్గరకొచ్చారు. "మా ఆవులు రోడ్డెక్కాయి. నీకు ఆవుల్ని తోలడం వచ్చా?"

"రాదు సిస్టర్. సాఫ్ట్‌వేర్."

"అయితే ఇక్కడ కూర్చో. మిగతావాళ్లు ఊళ్లోకి వెళ్లారు. ఈ మఠం మొదలైనప్పటి నుంచి రాత్రీ పగలూ ఎవరో ఒకరు ఇక్కడ ప్రార్థనలో ఉంటూనే ఉన్నారు. ఖాళీగా వదలకూడదు."

"నేను క్రిస్టియన్‌ని కాదు సిస్టర్."

"అది ఆయన చూసుకుంటాడు. నువ్వు కూర్చో," అని పరుగెత్తారు.

కూర్చున్నాను. నేను పుట్టకముందు నుంచీ ఆగని పని ఇప్పుడు నా చేతిలో ఉంది. ఆఫీసులో నాకు సర్వర్ పాస్‌వర్డ్ కూడా ఇవ్వరు.

అనిల్ ఫోన్ చేశాడు. "ఎక్కడ చచ్చావ్ రా?"

"డ్యూటీలో ఉన్నా," అని గుసగుసగా చెప్పి, ఫోన్ ఆపేశాను.

ఏ మంత్రమూ రాదు. అందుకే కొవ్వొత్తి వైపు చూస్తూ ఉన్నాను. ఎంతమంది ఇలా చూసి ఉంటారో అనుకున్నాను. నాకు తెలియకుండానే వెన్ను నిటారుగా అయింది.

సిస్టర్ అంగీ అంచున బురదతో తిరిగొచ్చారు. "ఆవులు లోపలికొచ్చాయి. ఇక నువ్వెళ్లొచ్చు బాబూ."

"ఇంకో ఐదు నిమిషాలు సిస్టర్," అన్నాను.

ఆమె నవ్వి నా పక్కన మోకరించారు. బయట అనిల్ హారన్ కొడుతున్నాడు. కొట్టనీలే అనుకున్నాను.