కడుపులో శెనక్కాయ చెట్టు

శెనక్కాయలు వేగే వాసన వస్తే నా చెయ్యి ఇప్పటికీ నీళ్ల చెంబు కోసం వెతుకుతుంది.

ఏడేళ్లప్పుడు, విత్తనానికి కాయలు ఒలుస్తున్న అవ్వ కన్నుగప్పి ఒక గింజ నోట్లో వేసుకున్నాను. ఆమె చూసేసరికి నమలకుండానే మింగేసినాను.

“ఇత్తనం మింగినావా? కడుపులో మొలుస్తాది పో!” అనింది.

నీళ్లు తగలకుంటే మొలవదు గదా అని నీళ్లు తాగడం మానేసినాను. మధ్యాహ్నానికి నాలుక మా పెన్నేటి ఇసుకంత ఎండింది. చెవుల్లోంచి ఆకులు వచ్చినాయేమోనని నూరుసార్లు తడుముకున్నాను.

సంగతి విని నాయన పగలబడి నవ్వినాడు. “రెండేండ్లుగా వానల్లేక చేన్లోనే మొలవంది నీ కడుపులో మొలుస్తాదా? తాగప్పా! యాడో ఒకచోట మొలవనీ” అని చెంబు అందించినాడు.

గటగటా తాగేసినాను. వారానికే వాన పడింది. ఆ ఏడు విత్తిన చేనంతా మొలిచింది. ఆ ఘనత నాదేనని ఇంకా వాదిస్తాను. ఇప్పటికీ పొరపాటున గింజ మింగితే చెంబెడు నీళ్లు తాగుతాను. మన వంతు మనం తడపాల గదా!