పాయింట్ల మీద ప్రార్థన నూనె

మా దుకాణానికి బోర్డు లేదు. జంగారెడ్డిగూడెంలో బస్సు దిగి, చెట్లు కోసే మిషన్లు బాగుచేసేవాళ్ళు ఎక్కడుంటారని అడిగితే మా వీధి చూపిస్తారు. పాత మిషన్ అని ఒక్క మాట కలిపితే నేరుగా నా గుమ్మం దాకా తీసుకొచ్చి వదులుతారు. అతిశయం మంచిది కాదని మా సంఘంలో చిన్నప్పటినుంచీ నాకు నేర్పారు. ఇప్పుడు సండే స్కూల్లో పిల్లలకు నేనూ అదే నేర్పుతున్నాను. అయితే ఈ చేతులకు ఈ పని ఇచ్చింది దేవుడే అయినప్పుడు, పని బాగా వచ్చిందని చెప్పుకోవడం ఆయన్ని స్తుతించడమే అని నా నమ్మకం. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

రంపం మిషన్లలో కొత్తవాటికీ పాతవాటికీ తేడా నిప్పురవ్వ దగ్గర ఉంటుంది. కొత్త మిషన్లో రవ్వ పుట్టించే సరంజామా అంతా ఒక నల్ల డబ్బాలో పెట్టి మూసేస్తారు. అది పాడైతే తీసి పారేసి ఇంకొకటి బిగించడమే. పాత మిషన్లో తాడు లాగితే చక్రం తిరుగుతుంది. చక్రం వెనకాల రెండు చిన్న లోహపు ముక్కలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. వాటినే పాయింట్లు అంటాం. అవి విడిపోయిన క్షణంలోనే స్పార్క్ ప్లగ్ మూతి దగ్గర రవ్వ దూకుతుంది. వాటికి తుప్పు పట్టినా, మసి పట్టినా, చెమ్మ తగిలినా రవ్వ రాదు. మా వానాకాలంలో గోడలే చెమరుస్తాయి, ఇంక పాయింట్ల సంగతి చెప్పాలా! కానీ వాటిని విప్పొచ్చు, తుడవొచ్చు, మళ్ళీ బతికించొచ్చు. ఎవరినీ పనికిరాడని పక్కన పారేయకూడదని వారం వారం వింటూ పెరిగినవాడిని. ఆ నల్ల డబ్బాలు చెత్తలో వేసేటప్పుడు నా మనసు ఒప్పుకోదు.

నా దగ్గరికి వచ్చేవాటిలో అన్నిటికన్నా పాతది మా బావ మిషన్. బావంటే మా అక్క భర్త. ఒక కలప డిపో మూసేసినప్పుడు కొన్నాడు దాన్ని. ఎరుపు రంగు వెలిసి ఇటుకరాయిలా అయింది. పట్టుకునే పిడికి సైకిల్ ట్యూబు చుట్టుకున్నాడు. మా ప్రార్థన మందిరం కట్టినప్పుడు దూలాలకు మొద్దులు కోసింది ఆ మిషనే. పామాయిల్ వేయాలనుకునే రైతులు ముందు పాత జీడిమామిడి చెట్లు తీయించాలి. మా చుట్టుపక్కల ఆ పనికి మొదట పిలిచేది బావనే. చెట్టును ఎక్కడ పడుకోబెట్టమంటే అక్కడ పడుకోబెడతాడు.

నిరుడు వానలకు బావ తోటలో జారి కుడి భుజం మీద పడ్డాడు. రాజమండ్రిలో చూపించాం. పని చేసుకోవచ్చు గానీ, చెయ్యి విసిరి లాగే పని మాత్రం పదేపదే చేయకూడదన్నారు డాక్టరు గారు. రంపం మిషన్ పట్టేవాడికి అంతకన్నా కష్టమైన షరతు లేదు. తాడు విసురుగా లాగితేనే కదా అది లేచేది.

మా సంఘంలో ఒట్లు పెట్టుకోరు. అందుకని అక్క బావ దగ్గర ఒట్టు వేయించుకోలేదు, మాట తీసుకుంది.

"రెండుసార్లు లాగండి. రెండోసారికి కూడా లేవకపోతే కింద పెట్టేసి ఇంటికొచ్చేయండి. మూడోసారి తాడు ముట్టుకోకూడదు. సరేనా?"

"సరే."

"సరే అంటే సరేనా?"

"సరే అంటే సరేనే, మహాతల్లీ!"

ఆ రోజు నుంచీ మిషన్ మొండికేసింది. ఒకటి, రెండు, ఇంటికి. మర్నాడూ అంతే. మాట తప్పడం బావకు తెలియదు. కొన్నాళ్ళకు రైతులు వేరేవాళ్ళను పిలవడం మొదలుపెట్టారు.

ఇలా ఉండగా ఒక గాలివానకి మందిరం ఆవరణలో నిద్రగన్నేరు చెట్టు వేళ్ళు కదిలి వంటపాక వైపు ఒరిగింది. ఒకపక్క పాక, ఇంకోపక్క బోరింగు, వెనక మందిరం గోడ. ఏటా జరిగే ఉజ్జీవ సభలు దగ్గరపడుతున్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన లేచి, కొత్త మిషన్లున్న ముఠాని పిలిపిద్దామన్నారు. ఆయన భయంలో న్యాయం ఉంది. సభలన్నాళ్ళూ ఆ పాకలోనే ఆడవాళ్ళు వండుతారు.

"ఈ మందిరం దూలాలు నేను కోశానండి. ఆ చెట్టు కూడా నేనే తీస్తాను," అన్నాడు బావ.

"మీరు తీస్తారండి, అందులో అనుమానం లేదు. మీ మిషన్ తీస్తుందా అని. దాన్ని మ్యూజియం వాళ్ళు అడుగుతున్నారటండి," అన్నారు పెద్దాయన. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

"శనివారం దాకా ఆగండి. నేను రెండుసార్లు లాగినా లేవకపోతే మీ ముఠాని పిలిచేయండి. నేను మిషన్ పాత ఇనుము కిందిచ్చేసి, ఇంక రంపం పట్టను."

పాస్టరు గారు సరేనన్నారు. బావ ఆ మాటనీ తప్పడని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే అక్కా బావా ఆటోలో మిషన్ వేసుకుని దుకాణానికి వచ్చారు.

"కొత్త ప్లగ్గు వేశాన్రా. అయినా ఉలుకూ లేదు పలుకూ లేదు. మొన్నటిదాకా దగ్గేది, ఇప్పుడదీ లేదు," అన్నాడు బావ.

"దానికీ నీలాగే వయసొచ్చింది బావా."

"నోరు ముయ్యరా. వయసొచ్చింది నాకు. దానికి కాదు."

"పోనీ, తాడు ఇంకెవరి చేతనైనా లాగించుకోవచ్చుగా?"

"చెట్టు సగం కోశాక మిషన్ ఆగిందనుకో, ఎవర్ని కేకేస్తాను? నా మిషన్ నేను లేపుకోలేకపోతే నేను చెట్టు దగ్గరికే వెళ్ళకూడదు."

ప్లగ్ విప్పి, వైరుకి తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగాను. రవ్వ లేదు. ఇంకో ప్లగ్ పెట్టి చూశాను. అదే వరస. ఇంక చక్రం తీయక తప్పలేదు. చక్రాన్ని ఊడలాగే పుల్లర్ బిగించి కొద్దికొద్దిగా తిప్పితే చివరికి టంగుమని వదిలింది. పాత మిషన్ విప్పితే పెట్రోలు వాసన రావాలి. దీంట్లోంచి పొద్దున్నే నూనె రాసి దువ్విన పిల్ల జడ వాసన వచ్చింది.

"బావా, ఇందులో కొబ్బరినూనె పోశావా?"

"నేనా? నాకేమైనా పిచ్చా?"

బల్ల మీద కూర్చున్న అక్క గోడమీది క్యాలెండరు వైపు శ్రద్ధగా చూస్తోంది.

"అక్కా!"

"నేనే పోశాన్రా. శుక్రవారం ఉపవాస కూడికలో పాస్టరయ్యగారు ప్రార్థన చేసిచ్చిన నూనె. ఆయన భుజానికి రాశాను, మిగిలింది దీనికి పోశాను. తప్పేంటి? ఇద్దరికీ జబ్బే కదా!"

"ఎక్కడ పోశావు?"

"అదిగో, జల్లెడలాగా కన్నాలున్నాయి చూడు, వాటిలోంచి. చక్కగా లోపలికి పోయింది," అంది తృప్తిగా.

బావ భుజం పట్టుకుని మరీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వొచ్చినా నవ్వబుద్ధి కాలేదు. ఆ నూనె మీద నాకూ నమ్మకం ఉంది. మా ఇంట్లో దాన్ని రాయని నుదురు లేదు. జ్వరంతో కాలిపోతున్న నా బిడ్డకు రాసి మోకరించినవాడిని. ఇప్పుడు అదే నూనె పాయింట్ల మధ్య మాడి నల్లటి పొరలా అతుక్కుని ఉంది. పాయింట్ల మూతకు ఉండే రబ్బరు ఎప్పుడో పోయింది, అందుకే నూనె అంత సులువుగా లోపలికి దిగింది. నా నోటిలోంచి ఒక్క మాట తప్పుగా వచ్చినా అక్క మనసులో ప్రార్థన చిన్నబోతుంది.

"అక్కా, దీపానికి నూనె కావాలి. ఇది అలాంటి దీపం కాదు. ఇది పొడిగా ఉంటేనే వెలుగుతుంది," అన్నాను.

"అయితే నా ప్రార్థన వృథాయేనా?"

"వృథా ఎందుకవుతుంది? నా దగ్గరికి తీసుకొచ్చారు కదా."

"వింటున్నావా! నీ ప్రార్థనకి జవాబు వీడేనంట!" అన్నాడు బావ. అప్పుడు అక్క కూడా నవ్వింది.

పాయింట్లను పెట్రోలుతో కడిగాను. సన్నటి ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దాను. తర్వాత శుభ్రమైన తెల్ల కాగితం ముక్క వాటి మధ్య పెట్టి లాగాను. కాగితం మీద మరక పడకుండా తెల్లగా వచ్చేదాకా లాగుతూనే ఉన్నాను. సన్నటి రేకు గేజ్ పెట్టి వాటి మధ్య ఎడం సరిచేశాను. తాడు లాగితే ఈసారి రవ్వ వచ్చింది. కానీ పసుపుపచ్చగా, నీరసంగా వచ్చింది.

అక్క "స్తోత్రం!" అంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆ రవ్వతో నా చేతికి లేస్తుంది, బావ చేతికి లేవదు. దెబ్బతిన్న భుజంతో లాగితే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది. అలా తిరిగినా గట్టి రవ్వ రావాలి. నా అనుమానం కండెన్సర్ మీద. అది చిటికెన వేలి కొస అంత ఉండే డబ్బీ, రవ్వకు బలమిచ్చేది అదే. అది ముసలిదైతే చల్లటి మిషన్ కూడా పదిసార్లు లాగితే గానీ లేవదు, వేడెక్కితే ఇంక పూర్తిగా మొరాయిస్తుంది. నూనె పోయకముందు బావను ఏడిపించింది అదేనని నాకు అప్పుడు తట్టింది. ఈ మిషన్‌కు సరిపోయేది ఇప్పుడు ఎక్కడా అమ్మరు. రాజమండ్రిలో పాత స్కూటర్ సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్ళి, వెతికి వెతికి ఒకటి తెచ్చాను. లోపల ఇమడకపోతే రేకు ముక్కతో పట్టీ చేసి బయట బిగించి, వైరు లోపలికి దించాను. మూతకు కొత్త రబ్బరు కోసి వేశాను.

నాది కుడిచేతి వాటం. ఆ రోజు ఎడమచేత్తో, విసురు లేకుండా, బావిలోంచి బొక్కెన తోడినంత నిదానంగా తాడు లాగాను. వెలుతురుకి అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తే ప్లగ్ మూతి దగ్గర నీలి రవ్వ టిక్కుమంది. నీలిది! దుకాణంలో ఎవరూ లేరు. అక్కడే మోకరించి వందనాలు చెప్పుకున్నాను.

శనివారం పొద్దున సంఘమంతా మందిరం దగ్గరే ఉంది. పాస్టరు గారు ప్రార్థన క్లుప్తంగా ముగించారు. ఆయనకు అది అలవాటు లేదు. పెద్దాయన ఫోను చేతిలోనే ఉంచుకున్నారు. బావ మిషన్ నేలమీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, చోక్ వేసి లాగాడు.

టప్‌మని ఒక్కసారి దగ్గి ఊరుకుంది.

"ఒకటి," అంది అక్క.

పెద్దాయన ఫోను వైపు చూసుకున్నారు. కానీ చోక్ మీద ఆ ఒక్క దగ్గు రావడం శుభమని నాకు తెలుసు, బావకు తెలుసు. బావ నా వైపు చూశాడు. నేను తలూపాను. చోక్ తీసి, తొందర లేకుండా రెండోసారి లాగాడు. మిషన్ గర్జించింది! నీలంగా పొగ లేచింది. పిల్లలు చెవులు మూసుకుని గెంతారు.

బావ చెట్టు పడాల్సిన వైపు గాటు పెట్టాడు. తర్వాత వెనకవైపు నుంచి కోత మొదలుపెట్టి, సగం దాటాక ఎవరూ అనుకోని పని చేశాడు. మిషన్ ఆపేశాడు.

అది ఆయన పద్ధతే. పడబోయే చెట్టు లోపల ఎటు తెగుతోందో చెవితో వినకుండా కోత ముగించడు. రంపం బయటికి తీసి, కోతలో మేకులాంటి చెక్క చీలిక దిగ్గొట్టి, మానుకు చెవి ఆనించాడు. మిషన్ కాలిపోతూ ఉంది. పాత కండెన్సర్ అయితే ఇక్కడే మొరాయించేది. ఏమాత్రం తేడా వచ్చినా సగం కోసిన చెట్టు, దాని కింద వంటపాక.

ఒకసారి లేచి ఆగిన మిషన్ కాబట్టి అక్క లెక్క మళ్ళీ ఒకటి నుంచే. బావ తాడు అందుకున్నాడు. ఒక్కసారే లాగాడు. చెయ్యి పూర్తిగా రాకముందే మిషన్ అందుకుంది.

చెట్టు మెల్లగా కదిలి, పాకకూ బోరింగుకూ మధ్యనున్న ఖాళీలో, ఎవరో చాప పరిచి రమ్మన్నట్టు పడుకుంది. పాక మీద రేకు కూడా అదరలేదు. పెద్దాయన ఫోను జేబులో పెట్టుకుని వచ్చి బావ చెయ్యి పట్టుకున్నారు.

"మిషన్ ఇవ్వడం లేదని మ్యూజియం వాళ్ళకి చెప్పేయండి," అన్నారు.

"మీరే చెప్పండి. మాట్లాడింది మీరు కదండీ," అన్నాడు బావ.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ అక్క లేచింది. నూనె సంగతి నేనెక్కడా చెప్పలేదు. ఆవిడే మొదటినుంచీ చివరిదాకా చెప్పింది, జల్లెడలాంటి కన్నాల సంగతితో సహా. పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నారు. "నూనె ఆయన భుజానికి, పొడిగుడ్డ ఆయన మిషన్‌కి అని నేర్చుకున్నాను. రెండింటికీ దేవునికే స్తోత్రం," అని కూర్చుంది. తల ఎత్తి చూస్తే పైన ఆ దూలాలు. వాటి మీద రంపం పళ్ళ గీతలు ఇంకా కనిపిస్తాయి.

సోమవారం తోటకు వెళ్తూ బావ నా దుకాణం ముందు ఆగాడు. చొక్కా భుజం దగ్గర నూనె మరక, చుట్టూ కొబ్బరి వాసన. మిషన్ దించి, కాలితో తొక్కిపట్టి, తాడు ఒక్కసారి లాగాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఇంజను ఆపి, మిషన్ ఎడమ భుజాన వేసుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.