పద్మనాభం గారి ఊరేగింపు

జనక్‌పురి ఫ్లాట్లలో పద్మనాభం గారి నడక ఎరగనివారు లేరు. పార్కిన్సన్స్ వచ్చాక మిలిటరీలో నేర్చిన అంగలు పోయి, నేలని రాసుకుంటూ పోయే బుల్లి అడుగులు మిగిలాయి. కుడిచెయ్యి ఊగదు, వేళ్ళు మాత్రం నశ్యం నలుపుతున్నట్టు ఆడుతూనే ఉంటాయి. గుమ్మం ఎదురైతే చాలు, అరికాళ్ళు అతుక్కుపోతాయి. ఆ సాయంత్రం టోకెన్ల పాలబూత్ ముందు అలాగే అతుక్కుపోయి ఉండగా, వెనకనుంచి ఎవరిదో పెళ్ళి బరాత్ వచ్చింది. డోలు దెబ్బ చెవిన పడగానే ఆయన కాలు దానంతటదే లేచింది. రెండోదీ లేచింది. ఇక నవ్వాపుకోలేక, పాలక్యాన్ ఊపుకుంటూ, పెళ్ళికొడుకు గుర్రానికి ముందు నడిచారు. ఎవరి తాతగారో అనుకుని మగపెళ్ళివారు మెడలో దండ కూడా వేశారు.

తీరా షామియానా గేటు దగ్గర బాజా ఆగింది, దాంతోపాటు ఆయనా ఆగారు. పెద్దాయన్ని దాటి ఎవరూ లోపలికి పోలేదు. అలిగారేమోనని హడలిపోయి, పెళ్ళికూతురి తండ్రి తలపాగా తీసి చేతులు జోడించాడు. "బావూజీ, మావల్ల ఏం గల్తీ జరిగింది?"

"గల్తీ ఏం లేదు భయ్యా, బాజా మాత్రం ఆపకండి," అన్నారాయన మిలిటరీ హిందీలో. బాజా మోగింది. గేటు దాటారు.

వెతుక్కుంటూ వచ్చిన భార్య కృష్ణకుమారికి ఆయన దండతో సహా గులాబ్‌జామూన్ల ముందు దొరికారు. "పాలకని వచ్చి ఇదేమిటండీ? లేవండి, ఇంటికెళ్దాం."

"వస్తాను కుమారీ," అన్నారు నోటినిండా జామూన్‌తో. "మనింటి వైపు పోయే పెళ్ళేదన్నా ఉందేమో కనుక్కో."